మంగుకు నాలుగు చుక్కలు

రేగులపాడు, గురజాల దగ్గర
జనవరి 6

వాసంతీ,

నలభై మూడేళ్ల మనిషి చెల్లెలికి ఉత్తరం రాసిందంటే నవ్వొస్తుంది. నవ్వుకో, కానీ పారేయకు. ఫోన్ ఉండి కూడా లేనిదాన్నయ్యాను, అందుకే కాగితం పట్టాను.

ఈసారి మా ఊరి సర్పంచి పదవి ఆడవాళ్లకు రిజర్వ్ అయింది. మీ బావగారు పదిహేనేళ్లుగా ఆ కుర్చీ మీద ఆశ పెట్టుకుని ఉన్నారు. తను నిలబడే దారి లేదు కాబట్టి నా పేరు ఇచ్చారు. నా పేరు అంటే పేరే. సంతకం పెట్టమన్న చోటల్లా పెట్టాను. ఆ సాయంత్రమే నా ఫోన్ తీసి పుల్లారావుకు ఇచ్చారు. ఎప్పుడూ ఆయన వెనకాల తిరుగుతుంటాడే, మీ ఇంట్లో మిరపకాయల బస్తా దించింది కూడా అతనే. "కాండేటు ఫోనంటే పదిమందీ చేసే ఫోను వదినా. నువ్వెత్తి ఏదో ఒకటి అన్నావంటే మనకే దెబ్బ," అన్నాడు. ఇప్పుడు నువ్వు చేసినా అతనే ఎత్తుతాడు. ఈ ఉత్తరం మా సందులో జాకెట్లు కుట్టే సాబిరా తెస్తుంది. వారానికోసారి లైనింగ్ గుడ్డకని నరసరావుపేట వస్తుంది, నీ పార్లర్ ఆమెకు తెలుసు.

అసలు సంగతికి వస్తాను. నిన్న పిడుగురాళ్ల తీసుకెళ్లి ఫ్లెక్సీకి ఫోటో తీయించారు. ఫోటో అతను రెండు చేతులూ పైకెత్తి దణ్ణం పెట్టమన్నాడు. నా ఎడం చెయ్యి మోచేతి దగ్గర పూర్తిగా లేవదు కదా, పదకొండేళ్ల కింద గొడ్ల సావిట్లో పడ్డప్పటిది. పర్వాలేదమ్మా, చేతిని కంప్యూటర్లో సరిచేస్తానన్నాడు. మొహం సంగతి మాత్రం మీ బావగారు ఎత్తారు. స్క్రీన్ మీద చూసి, "ఏందే ఆ మంగు. ఫ్లెక్సీ నిండా ఆ మచ్చలే కనపడతయ్. కోటయ్య కోడలు ఎట్టా ఉందో చూడు," అన్నారు, అందరి ముందూ. కోటయ్య కోడలంటే దేవిక. అవతలి పక్షం తరఫున నిలబడేది ఆ పిల్లే. ఇరవై ఆరేళ్లుంటాయి.

నాకు మంగు పట్టి తొమ్మిదేళ్లయింది. రెండు బుగ్గల మీదా, ముక్కు మీదా. ఇన్నాళ్లూ నేను దాన్ని పట్టించుకోలేదు. మిరప తోటలో కాయ కోసేవాళ్లలో మంగు లేని మొహం ఏది? ఇవాళ మొదటిసారి అద్దం తీసుకుని పెరట్లోకి వెళ్లి వెలుతుర్లో చూసుకున్నాను. సిగ్గేసింది వాసంతీ. ఈ వయసులో ఎందుకు సిగ్గుపడుతున్నానో నాకే అర్థం కాలేదు.

ఫిబ్రవరి మూడో వారంలో పోలింగ్ ఉంటుందంటున్నారు. నీ పార్లర్‌కు ఎంతమందో వస్తారు కదా. ఈ మంగు పోయే మందు ఏదన్నా ఉంటే సాబిరాతో పంపు. మీ బావగారికి తెలియనక్కర్లేదు.

నీ అక్క,
మహాలక్ష్మి


నరసరావుపేట
జనవరి 10

అక్కా,

సాబిరా నీ కవరు ఇచ్చినప్పుడు నా చేతుల నిండా హెన్నా ఉంది. అలాగే చింపి చదివాను, అందుకే నీ ఉత్తరం మీద ఎర్రటి వేలిముద్రలు పడ్డాయి. నువ్వు సర్పంచివి అవుతావంటే నాకెంత సంతోషంగా ఉందో చెప్పలేను. కుర్చీలో ఎవరు కూర్చున్నా బోర్డు మీద నీ పేరు ఉంటుంది కదా.

సాబిరాతో ఒక చిన్న సీసా, ఒక ట్యూబు పంపుతున్నాను. సీసాలో ఉన్నది గ్లైకాలిక్ యాసిడ్, పది శాతం. యాసిడ్ అనగానే భయపడకు, బాత్రూములు కడిగేది కాదు ఇది, చెరకులో కూడా ఉంటుంది. అలాగని పూర్తిగా ధైర్యపడకు. చర్మం పైన చచ్చిన పొర ఒకటి ఉంటుంది. దాన్ని అంటిపెట్టుకున్న జిగురును ఈ మందు వదులు చేస్తుంది. పై పొర కొంచెం కొంచెంగా పోయి లోపలి కొత్త చర్మం బయటికి వస్తుంది. జరిగేది అంతే, ఇందులో మాయ లేదు.

ఇప్పుడు జాగ్రత్తగా చదువు. వారానికి రెండే రాత్రులు రాయాలి, ఆదివారం, బుధవారం అనుకో. మొహం కడిగి, తడి పూర్తిగా ఆరాక నాలుగు చుక్కలు. నాలుగంటే నాలుగే. కళ్ల దగ్గరికి, పెదాల దగ్గరికి పోనివ్వకు. చిన్నగా చురుక్కుమంటే పర్వాలేదు, మంట ఆగకుండా ఉంటే వెంటనే కడిగేసి మళ్లీ రాయకు. దానితోపాటు ఇంకేదీ కలపొద్దు, సున్నిపిండి కూడా వద్దు. ట్యూబులో ఉన్నది సన్‌స్క్రీన్. పొద్దున్నే రెండు వేళ్ల పొడవునా తీసుకుని మొహానికి, మెడకి పట్టించు. ఎండలో ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. కొత్త చర్మం ఎండకు ఆగదు అక్కా, పసిపిల్ల చర్మం అనుకో.

ఇంకొకటి దాచకుండా చెప్తాను. మంగు నెలల తరబడి వాడితే తగ్గుతుంది, పూర్తిగా పోతుందని ఎవరన్నా చెప్తే నమ్మకు. ఆరు వారాల్లో మొహం కాస్త తేటపడుతుందేమో, అంతకు మించి ఆశ పెట్టుకోకు. నిజానికి ప్రచారం అయ్యాక మొదలుపెట్టమని చెప్పాలి. ఎండలో తిరిగేవాళ్లకు ఇది ఇవ్వకూడదని మా ట్రైనింగులో మొదటి రోజే చెప్పారు. కానీ నేను పుట్టి బుద్ధెరిగాక నువ్వు నన్నేదన్నా అడగడం ఇదే మొదటిసారి. కాదనడానికి నోరు రాలేదు.

సీసా మూడు నెలలు వస్తుంది. జాగ్రత్త.

వాసంతి


రేగులపాడు
ఫిబ్రవరి 4

వాసంతీ,

నీ మందు బాగా పనిచేస్తోంది. పొర లేస్తోంది. ఇక్కడంతా హడావిడిగా ఉంది, అందుకే ఇన్నాళ్లూ రాయలేదు. ఎన్నికల గుర్తుగా నాకు కత్తెర వచ్చింది. నీ కత్తెరకు కూడా ఒక దణ్ణం పెట్టుకో.

ఫ్లెక్సీ వచ్చింది. పాలకేంద్రం ఎదురుగా ఇరవై అడుగులది కట్టారు. అందులో నా మొహానికి మంగు లేదు, ముక్కు పక్కన పులిపిరి లేదు, చెయ్యి కూడా నిటారుగా ఉంది. అన్నీ కంప్యూటర్లో తీసేశారట. మా పక్కింటి రాఘవమ్మత్త దాని కింద నిలబడి చానాసేపు చూసి, "ఎవరే ఈవిడ, మనూరేనా?" అని అడిగింది. నేనూ నవ్వాను. కంప్యూటర్లో పోతాయని ముందే తెలిస్తే నిన్ను అడిగేదాన్నే కాదు. అయితే ఇప్పుడు ఇల్లిల్లూ తిరుగుతున్నాం కదా, ఫ్లెక్సీలో ఉన్న మనిషే గడప ముందు నిలబడాలి అన్నారు మీ బావగారు. అందులోనూ న్యాయం ఉంది.

దేవిక మొన్న నీళ్ల ట్యాంకు దగ్గర ఎదురుపడింది. రెండు జట్లూ కేకలేసుకుంటుంటే మేమిద్దరం పక్కకు జరిగి నిలబడ్డాం. "నీ ఫోన్ నీ దగ్గర ఉందా అమ్మాయ్?" అని అడిగాను. లేదని తలూపింది. వాళ్ల మామ దగ్గర ఉందట.

సీసా అయిపోయింది, ఇంకోటి పంపు. ఒక సందేహం. కడుక్కునేటప్పుడు నీళ్లు తగిలినా మండితే అది మామూలేనా? పొర లేచినచోట నీరు కారుతుందా? ఊరికే, తెలుసుకుందామని.

మహాలక్ష్మి


నరసరావుపేట
ఫిబ్రవరి 8

అక్కా,

ఆ సీసా మూడు నెలలు రావాలి. నాలుగు వారాలు కాకముందే ఎలా అయిపోయిందని నేను కూర్చుని లెక్క వేసుకుంటుంటే సాబిరా చెప్పింది. నీకు జాకెట్ కొలతలు తీసుకునేటప్పుడు కొంగు జారిందట. రెండు బుగ్గలూ పచ్చిగా ఉన్నాయట, ఒకచోట చీము పట్టిందట. "మొగం జూడలేకపోయిన వాసంతమ్మా," అంది. బాగా పనిచేస్తోందని నాకు రాశావు.

ఇక ఏదీ రాయొద్దు. నేను పంపింది, ఇంట్లో ఉన్నది, ఎవరో ఇచ్చింది, ఏదీ వద్దు. చల్లటి నీళ్లతో మెల్లగా కడుక్కో, మెత్తటి గుడ్డతో అద్దుకో, రుద్దకు. సాబిరాకు తెల్ల వాజిలిన్ డబ్బా ఇచ్చాను, పల్చగా అదే పూసుకో. పసుపు రాయకు, సున్నపుతేట రాయకు, ఎవరు చెప్పినా వినకు. చీము ఉందంటే డాక్టరు చూడాలి. ఇక్కడ స్టేషన్ రోడ్డులో చర్మం డాక్టరమ్మ ఉంది, మంగళవారం చీటీ తీసి పెడతాను. ప్రచారం ఒక పూట ఆగితే కొంప మునగదు. ఏమేం రాశావో, ఎన్నిసార్లు రాశావో అంతా రాసి పంపు, డాక్టరమ్మ అడుగుతుంది.

ఇంకొక మాట ఉంది. రాయాలా వద్దా అని రెండుసార్లు పెన్ను కింద పెట్టాను. ఎవరన్నా అడిగితే ఆ సీసా నా పార్లర్‌ నుంచి వచ్చిందని చెప్పకు. నాకున్న ఆధారం ఇదొక్కటే, నీకు తెలుసు. కాలిన మొహం వెనక నా పేరు వినపడితే రేపటి నుంచి ఒక్కరు కూడా గడప తొక్కరు.

ఇది చదివి నువ్వు ఏమనుకుంటావో నాకు తెలుసు. అయినా రాశాను.

వాసంతి


రేగులపాడు
ఫిబ్రవరి 12

వాసంతీ,

డాక్టరమ్మ దగ్గర నువ్వు నా చెయ్యి పట్టుకుని కూర్చున్నావు, మీ బావ పక్కనే ఉన్నాడు. అక్కడ అడగలేనివి, చెప్పలేనివి ఇక్కడ రాస్తున్నాను.

ముందు మందు సంగతి. వారం రోజులు నువ్వు చెప్పినట్టే చేశాను. ఏమీ కనపడలేదు. రెండో వారం రోజూ రాశాను. అయినా లేదు. అప్పుడు నేనేం చేశానో విను, నువ్వు నెత్తి కొట్టుకుంటావు. మిరపకు నల్ల తామర పురుగు పట్టి ఒక మందుకు చావకపోతే ఏం చేస్తాం? రెండు మూడు కలిపి డోసు పెంచి కొడతాం. ఇరవై ఏళ్లుగా ట్యాంకులో మందు కలిపే చెయ్యి ఇది. మా భార్గవి హాస్టలుకు వెళ్తూ మొటిమల మందు ఒకటి వదిలేసి వెళ్లింది, దాని మీద సాలిసిలిక్ అని రాసి ఉంది. గురజాలలో మందుల షాపువాడు మంగుకని ఒక తెల్ల క్రీము ఇచ్చాడు. మూడూ కలిపి గిన్నెలో గిలక్కొట్టి మొహానికి పట్టించాను. చుక్కలు కాదు, చెంచాలు. మండుతుంటే పురుగు చస్తోందిలే అనుకున్నాను. అలా ఆరు రాత్రులు.

ఏడో రోజు పొద్దున కల్లాల్లో ఓట్లు అడగడానికి వెళ్లాం. తెల్లబడ్డ తాలుకాయలు ఏరుతున్న ఆడవాళ్ల మధ్యకు వెళ్లి నిలబడ్డాను. పైన ఎండ, కింద ఎండుమిరప ఘాటు. మొహం మీద నిప్పులు పోసినట్టయింది. ఎవరి కాళ్ల దగ్గర కూలబడ్డానో తెలియదు. ఎవరో కూజాలో నీళ్లు మొహాన కుమ్మరించారు. కొంగు తీసేసరికి అందరూ చూశారు. నీకు "బాగా పనిచేస్తోంది" అని రాసింది ఆ మర్నాడు.

ఇప్పుడు ఊళ్లో మీ బావ గురించి ఏమంటున్నారో సాబిరా నీకు చెప్పి ఉండదు. నేను చెప్పొద్దన్నాను. "అమరేశ్వరరావు పెళ్లాం మొహం కాల్చాడంట. ఏదో కాయితం మీద సంతకం పెట్టనందంట." మొదట కోటయ్య మనుషులు అన్నారు. రెండు రోజుల్లో మా వీధి కూడా అంటోంది. నిన్న మా పాలేరు భార్య నా వంక చూసి కళ్లు తుడుచుకుంది.

మీ బావకు భయం పట్టుకుంది. ఆయన భయపడటం నేను ఇరవై రెండేళ్లలో చూడలేదు. రాత్రి అన్నం దగ్గర కూర్చుని, "పద్దెనిమిదిన పాలకేంద్రం దగ్గర మీటింగు పెట్టా. కొంగు తీసి, మైకులో నువ్వే చెప్పాల. మా ఆయన నన్నేం చెయ్యలేదు, నేనే ఏదో రాసుకున్నా అని. నిజమేగా నేను చెప్పమంటంది," అన్నాడు.

నిజమే. అదే నాకు మింగుడుపడటం లేదు.

పదకొండేళ్ల కింద నేను సావిట్లో పడలేదు వాసంతీ. గేదెల గాటి దగ్గర ఆయన నా చెయ్యి వెనక్కి పట్టి విరిచాడు. కారణం అడుగుతావేమో, చేనుకు మందు కొట్టే మనుషులను ఒక రోజు ఆలస్యంగా పిలిచాను. ఎముక విరిగిన చప్పుడు నాకు వినపడింది. అడిగిన ప్రతి ఒక్కరికీ జారిపడ్డానని చెప్పాను. ఒక్కరు కూడా రెండోసారి అడగలేదు. మా ఊళ్లో ఎంతమంది ఆడవాళ్లు గొడ్ల సావిళ్లలో పడ్డారో లెక్క తీస్తే గేదెల కంటే ఎక్కువే తేలతారు. అప్పుడు ఆయన చేసింది నిజం, ఊరు నోరెత్తలేదు. ఇప్పుడు ఆయన చేయలేదు, ఊరంతా నోరే. ఇప్పుడు ఆయన మీద పడ్డ మచ్చ తుడవడానికి నేను కావాల్సి వచ్చాను.

నేను నోరు మూసుకుంటే ఆయన ఓడిపోతాడు, ఊరు వాడి మొహాన ఉమ్మేస్తుంది. ఒక అబద్ధం పుణ్యాన నా చేతికి పదకొండేళ్ల తర్వాత న్యాయం జరుగుతుంది. నోరు విప్పితే ఆయన కడిగిన ముత్యమై నా పక్కన నిలబడతాడు. ఏం చేయమంటావు?

ఇంకొకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకు. అప్పుడు గుంటూరు ఆసుపత్రిలో వారం రోజులు నాతో ఉన్నావు. నా చెయ్యి లేవదని రోజూ నువ్వే తల దువ్వావు. నువ్వు కూడా అడగలేదు. ఎందుకు అడగలేదు?

నీ పార్లర్ పేరు చెప్పనులే.

మహాలక్ష్మి


నరసరావుపేట
ఫిబ్రవరి 15

అక్కా,

నాకు తెలుసు. ఆసుపత్రికి వచ్చిన మొదటి రోజే తెలుసు. నీ చేతి మణికట్టు మీద ఐదు వేళ్ల గుర్తులు ఉన్నాయి, సావిట్లో జారిపడితే అవి రావు. తల దువ్వుతూ రోజూ వాటినే చూశాను. నాలుగో రోజుకు పచ్చబడ్డాయి, ఏడో రోజుకు పోయాయి. అవి పోతుంటే నాకు హాయిగా అనిపించింది, ఇక అడగాల్సిన పని లేదని.

అడిగితే నువ్వు చెప్పేదానివి. చెప్పాక నిన్ను ఆ ఇంటికి తిరిగి ఎలా పంపేదాన్ని? నా ఇంటికి తీసుకురావాలి. అప్పటికి నా పెళ్లయి ఏడాది. మా అత్తగారు నాకే కంచంలో కొలిచి పెట్టేది. "నీ అక్క సంసారం నువ్వు చెడగొట్టకు," అని అమ్మ కూడా అంది. ఇవన్నీ కారణాలే. కానీ భయపడ్డాను అన్నదే అసలు మాట. ఇన్నేళ్ల తర్వాత సీసా సంగతి వచ్చినా మళ్లీ అదే భయం, నా పేరు చెప్పకు అని రాశాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను అక్కా. నా పేరు చెప్పు. పార్లర్ బోర్డు మీద ఏం రాసుందో అది కూడా చెప్పు.

నీకు తెలియని సంగతి ఇంకొకటి చెప్తాను. నా మేకప్ పెట్టెలో ఆకుపచ్చ రంగు క్రీము ఒకటి ఉంటుంది. కమిలిన చోట అది పూసి పైన ఒంటిరంగు వేస్తే ఏమీ కనపడదు. పెళ్లికో పేరంటానికో వెళ్లాల్సిన ఆడవాళ్లు నా కుర్చీలో కూర్చుని, తలుపు తగిలిందమ్మా, బండి మీద నుంచి పడ్డాను అంటారు. నేను అలాగా అని పెట్టె తెరుస్తాను. నా చేతి కింద నుంచి ఎన్ని మొహాలు వెళ్లాయో చెప్పలేను. ఒక్కరినీ అడగలేదు. ఎంత బాగా కప్పితే అంత మంచి పేరు వచ్చింది నాకు.

ఏం చేయమంటావని అడిగావు. చెప్పడానికి నాకు అర్హత లేదు. నువ్వు నోరు మూసుకున్నా నేను నీ వైపే. ఒక్కటి మాత్రం ఈసారి ఖాయం, నువ్వు ఎప్పుడొచ్చినా నా ఇంట్లో ముందు గది నీది. మా అత్తగారు ఇప్పుడు లేరు, ఉన్నా ఇదే చెప్పేదాన్ని.

డాక్టరమ్మ ఇచ్చిన ఆయింట్‌మెంట్ రెండు పూటలా రాయి. మీటింగు సాయంత్రం ఎండ తగ్గాక పెట్టమను.

వాసంతి


రేగులపాడు
మార్చి 3

వాసంతీ,

ఓడిపోయిన సంగతి సాబిరా చెప్పే ఉంటుంది. అరవై ఒక్క ఓట్ల తేడా. మీటింగులో ఏం జరిగిందో ఊళ్లో ఒక్కొక్కరు ఒక్కోలా చెప్తున్నారు కాబట్టి నేను రాస్తాను.

వ్యాను మీద నిలబడి కొంగు తీశాను. నా వెనకాలే ఆ ఫ్లెక్సీ ఉంది. ముందు వరసలో ఆడవాళ్లు ఒకసారి పైకి, ఒకసారి నా వంక చూశారు. మాటలు ముందే అనుకుని వెళ్లాను కానీ అక్కడికి వెళ్లాక అవేవీ గుర్తు రాలేదు. ఇలా అన్నాను. "ఈ మొగం నేనే కాల్చుకున్నా. ఫ్లెక్సీలో బొమ్మలా ఉండాలని మందులు కలిపి రాసుకున్నా, చేనుకు కొట్టినట్టు. దీంట్లో మా ఆయన చెయ్యి లేదు. మీరనేది తప్పు." మీ బావ మీసం మీద చెయ్యి వేసుకున్నాడు. చప్పట్లు కొట్టారు.

అప్పుడు ఎడం చెయ్యి ఎత్తాను, లేచినంతవరకు. "ఈ చెయ్యి మాత్రం ఆయన విరిచిందే. పదకొండేళ్లు సావిట్లో పడ్డానని మీకు అబద్ధం చెప్పా. మీరూ నమ్మినట్టే ఉన్నారు. మొగం సంగతి చెప్పి చెయ్యి సంగతి దాస్తే నేను చెప్పింది నిజం కాదు. ఓటు మీ ఇష్టం." పుల్లారావు మైకు వైరు లాగేశాడు. అప్పటికి నేను చెప్పాల్సింది అయిపోయింది. ఈసారి చప్పట్లు లేవు.

నీ పేరు చెప్పలేదు. నీ మీద జాలితో కాదు. నువ్వు నాలుగు చుక్కలని రాశావు, చెంచాలతో పోసుకున్నది నేను.

మీ బావ మూడు రోజులు వాళ్ల తమ్ముడింట్లో ఉన్నాడు. ఫలితాల రోజు రాత్రి వచ్చి గుమ్మంలోనే చెయ్యి ఎత్తాడు. అరుగు మీద రాఘవమ్మత్త కూర్చుని ఉంది. ఆమె లేవలేదు, చూస్తూ కూర్చుంది. ఆయన చెయ్యి దించి లోపలికి వెళ్లి పడుకున్నాడు. ఆ రోజు నుంచి ఆమె రోజూ దీపాలవేళ వచ్చి కూర్చుంటోంది. ఎందుకొస్తున్నావని నేను అడగలేదు. నా ఫోన్ పుల్లారావు ఇంటికి వెళ్లి నేనే తెచ్చుకున్నాను. నీకు ఫోనే చేయొచ్చు ఇక. కానీ ఈ సంగతి నోటితో చెప్పలేక రాస్తున్నాను. నీ ముందు గది సంగతి మర్చిపోలేదు. రావాల్సి వస్తే అడక్కుండానే వస్తాను, ముందు రెండు నెలలు ఇక్కడే ఉండి చూస్తాను.

మొహం తడి ఆరింది. కాలినచోట మంగు కంటే నల్లగా మచ్చలు తేలాయి. ఏడాది పట్టొచ్చు, పోకపోవచ్చు అని డాక్టరమ్మ అంది. వాజిలిన్, సన్‌స్క్రీన్, అంతే రాస్తున్నాను. అద్దం మళ్లీ గూట్లో పెట్టేశాను.

ఇవాళ మిట్టమధ్యాహ్నం పెరటి తలుపు చప్పుడైంది. తీస్తే దేవిక. శుక్రవారం ఆ పిల్ల ప్రమాణ స్వీకారం. గెలిచిన మనిషి ఓడినదాని ఇంటికి పెరటి దారిన ఎందుకొచ్చిందా అనుకున్నాను. మెడ చుట్టూ కొంగు కప్పుకుని ఉంది. నీళ్లిచ్చాను, తాగలేదు.

"అక్కా, కాలిన మొగానికి ఏదో రాస్తన్నావంట కదా. శుక్రవారం ఫోటోలు తీస్తారు. ఈ లోపల ఇది కనపడకుండా రాసుకునేది ఏమన్నా ఉందా?" అంది. కొంగు పక్కకు తీసింది. దవడ కింద నుంచి మెడ దాకా నల్లగా కమిలి ఉంది.

నేనింకా ఏమీ అడగలేదు. తనే, "మొన్న గొడ్ల సావిట్లో" అని మొదలుపెట్టి ఆగిపోయింది. నా ఎడం చెయ్యి వంక చూసింది.

"దీనికి రాసుకునేది లేదమ్మా," అన్నాను. తలుపు గడియ వేసి వచ్చి పక్కన కూర్చున్నాను. చానాసేపటికి ఏడ్చింది. ఇప్పుడు లోపలి గదిలో పడుకుని ఉంది. ఏం జరిగిందని ఒకసారి అడిగాను, చెప్పలేదు. నిద్ర లేచాక రెండోసారి అడుగుతాను.

శుక్రవారం లోపల నువ్వొకసారి రా. నీ పెట్టె తీసుకురావద్దు.

మహాలక్ష్మి